ఆరిపోయిన వేగానిదే పెత్తనం

మీథేన్ అణువు ఒకటి గాలిలో కలిసిందంటే సగటున పదేళ్ళ దాకా అక్కడే తిరుగుతుంది. దాన్ని చివరకు విరగ్గొట్టేది హైడ్రాక్సిల్ అనే రాడికల్. హైడ్రాక్సిల్ ఆయుష్షు ఒక సెకనుకు అటూ ఇటూగా ఉంటుంది. ఎండ తగిలి ఓజోన్ చీలినప్పుడు ఉత్తేజిత ఆక్సిజన్ పరమాణువు ఒకటి వెలువడుతుంది. అది నీటి ఆవిరిని తాకితే హైడ్రాక్సిల్ పుడుతుంది. నేలకు దగ్గరి గాలిలో ఆ పరమాణువు కొన్ని నానోసెకన్లకు మించి ఆ స్థితిలో నిలవదు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని వదిలేసినా మిగతా రెండింటి లెక్క తేలదు. ముప్పై ఏళ్ళ తర్వాత గాలిలో మీథేన్ ఎంత ఉంటుందని కంప్యూటర్‌ని అడిగామంటే, నానోసెకన్లను, దశాబ్దాలను ఒకే లెక్కలో ఇమడ్చమని అడిగినట్టే. ఈ రెండింటి మధ్య పదిహేడు సున్నాల దూరం ఉంది. కోడెగిత్తను, ముసలెద్దును ఒకే కాడికి కట్టి దున్నాలి.

ఇలాంటి జోడింపులు ఎక్కడ చూసినా ఉన్నాయి. సాధారణ నీటితో నడిచే అణు రియాక్టర్‌లో విచ్ఛిత్తి వెంటనే పుట్టే న్యూట్రాన్లు సెకనులో వెయ్యో వంతు కూడా బతకవు. యురేనియం-235 విడుదల చేసే న్యూట్రాన్లలో సుమారు 0.65 శాతం మాత్రం సెకను నుంచి నిమిషం దాకా ఆలస్యంగా బయటపడతాయి. రియాక్టర్‌ని మనిషి అదుపులో పెట్టగలుగుతున్నది ఆ కాస్త ఆలస్యం వల్లే. ప్రొటీన్‌లో రసాయన బంధాలు ఫెమ్టోసెకన్ల లెక్కన కంపిస్తుంటే, ఆ ప్రొటీన్ ముడుచుకోవడానికి మైక్రోసెకన్ల నుంచి సెకన్లు పడుతుంది. బుధగ్రహం 88 రోజులకు ఒకసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుంది, కానీ దాని కక్ష్య ఆకారం మారడానికి లక్షల ఏళ్ళు కావాలి. వీటన్నిటినీ వర్ణించేవి అవకలన సమీకరణాలే. ఆ సమీకరణాలను రాయడం మనకు శతాబ్దాల క్రితమే వచ్చు. వాటిని సాధించడం, అంటే అంకెలు వేసి జవాబు రాబట్టడం, 1950ల తర్వాత గానీ సరిగ్గా పట్టుబడలేదు. అడ్డు పడ్డ విషయం ఎవరూ ముందుగా ఊహించినది కాదు.

అవకలన సమీకరణం మనకు చెప్పేది ఒక్కటే: ఇప్పుడున్న స్థితిలో మార్పు ఏ దిక్కుగా, ఎంత వేగంగా జరుగుతోందన్నది. భవిష్యత్తు కావాలంటే ఆ వేగాన్ని పట్టుకుని అడుగు అడుగుగా ముందుకు నడవాలి. లియొనార్డ్ ఆయిలర్ 1768లో అచ్చయిన తన గ్రంథంలో చూపిన దారి అదే. ఉన్న చోట వాలు చూడు, ఆ వాలు వెంట కొద్ది దూరం నేరుగా నడువు, ఆగి కొత్త వాలు చూసుకో. దారి వంపు తిరిగినప్పుడు నేరుగా నడిస్తే కాస్త పక్కకు పోతాం కాబట్టి పొరపాటు వస్తుంది. దాన్ని తగ్గించడానికి 1895లో కార్ల్ రుంగె, 1901లో విల్‌హెల్మ్ కుట్టా ఒక్కో అడుగులో వాలును పలుచోట్ల చూసి సగటు తీసే పద్ధతులు కట్టారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో బీటెక్ గణితం చదివినవాళ్ళందరికీ నాలుగో తరగతి (ఆర్డర్) రుంగె–కుట్టా తెలుసు. పరీక్షలో ఒకటో రెండో అడుగులు వేయిస్తారు, మార్కులు పడతాయి.

ఆ పాఠం విన్నవారికి సహజంగా ఒక నమ్మకం ఏర్పడుతుంది. దారి మెలికలు తిరిగే చోట చిన్న అడుగులు వెయ్యాలి, తిన్నగా ఉన్న చోట పెద్ద అడుగులు వెయ్యొచ్చు అని. ఇంతకన్నా న్యాయమైన మాట ఉండదనిపిస్తుంది. బహుళ కాలమానాల సమీకరణాల దగ్గర ఈ నమ్మకం పూర్తిగా కూలిపోతుంది. ఎలా కూలుతుందో అంకెలతోనే చూడాలి, మాటలతో చెబితే నమ్మబుద్ధి కాదు.

రామగుండంలో మే నెల రోజు ఒకటి అనుకుందాం. తెల్లవారుజామున 28 డిగ్రీలున్న గాలి మధ్యాహ్నానికి 44కి చేరి మళ్ళీ చల్లబడుతుంది. ఆ గాలిలో వెంట్రుకకన్నా సన్నటి తీగతో చేసిన థర్మోకపుల్ పెట్టాం. దాని స్పందన కాలం ఒక మిల్లీసెకను అనుకుందాం. తీగకూ గాలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, ఆ క్షణాన తీగ ఉష్ణోగ్రత మిల్లీసెకనుకు ఒక డిగ్రీ వేగంతో గాలి వైపు కదులుతుంది. తేడా తగ్గే కొద్దీ వేగమూ తగ్గుతుంది. ఇది న్యూటన్ శీతలీకరణ సూత్రమే. మొదటి కొన్ని మిల్లీసెకన్లు గడిచాక తీగకు పనేమీ ఉండదు, గాలి ఎటు పోతే అటు పోతుంది. రోజంతటి ఉష్ణోగ్రత గీత నున్నగా, గంటల తరబడి మెల్లగా పైకెక్కి దిగుతుంది. అంత నున్నటి గీతను గీయడానికి పది నిమిషాలకో అడుగు చాలదా?

ఆయిలర్ పద్ధతిలో 3 మిల్లీసెకన్ల అడుగు వేసి చూడండి. తేడా ఒక డిగ్రీ ఉన్నప్పుడు వేగం మిల్లీసెకనుకు ఒక డిగ్రీ. అదే వేగంతో 3 మిల్లీసెకన్లు పోతే తీగ 3 డిగ్రీలు కదిలినట్టు లెక్క వస్తుంది. అవసరమైంది ఒక డిగ్రీ, కదిలింది మూడు. ఇప్పుడు అవతలి వైపు 2 డిగ్రీల తేడా వచ్చింది. తర్వాతి అడుగులో మళ్ళీ ఇటువైపు 4, ఆ తర్వాత అటువైపు 8. ప్రతి అడుగుకీ తేడా గుర్తు మార్చుకుంటూ రెట్టింపవుతుంది. మొదటి పొరపాటు ఒక డిగ్రీలో వెయ్యో వంతే అయినా పది అడుగుల్లో అది ఒక డిగ్రీ, ఇరవై అడుగుల్లో వెయ్యి డిగ్రీలు, ముప్పై అడుగుల్లో 10 లక్షల డిగ్రీలు. ముప్పై అడుగులంటే సెకనులో పదో వంతు కూడా కాదు. తెల్లవారుజామున ప్రశాంతంగా ఉన్న గాలిలో మన తీగ సూర్యుడి ఉపరితలాన్ని దాటిపోయింది!

అడుగు 2 మిల్లీసెకన్లకు లోపల ఉంటేనే ఈ పేలుడు ఆగుతుంది. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి కనీసం 4 కోట్ల 32 లక్షల అడుగులు వెయ్యాలి. నాలుగో తరగతి రుంగె–కుట్టా కాపాడుతుందేమో అనుకుంటే, ఆ హద్దు 2 నుంచి సుమారు 2.78 మిల్లీసెకన్లకు జరుగుతుంది, అంతే. 3 మిల్లీసెకన్ల దగ్గర అదీ అడుగుకు 1.375 రెట్ల చొప్పున పేలుతుంది. పద్ధతి ఎంత సూక్ష్మమైనదన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. తీగ తాలూకు ఆ మిల్లీసెకను కదలిక ఎప్పుడో ఆరిపోయింది, గీతలో దాని జాడ కూడా లేదు. అయినా రోజంతా మన అడుగు ఎంత ఉండాలో శాసిస్తున్నది అదే. మనం చూడదలచుకున్నది కాదు, మనకు అక్కర్లేనిదీ, ఇక జరగనిదీ మన శ్రమను నిర్ణయిస్తోంది. ఇలాంటి సమీకరణాలనే స్టిఫ్ సమీకరణాలంటారు.

విరుగుడు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఉన్న చోటి వాలుతో కాకుండా చేరబోయే చోటి వాలుతో అడుగు వెయ్యి. చేరబోయే చోటు ఇంకా తెలియదు కదా అంటే, నిజమే, తెలియదు. అందుకే దాన్ని తెలియని రాశిగా పెట్టుకుని సమీకరణం సాధించాలి. మన తీగ విషయంలో ఆ సమీకరణం సులువు. కొత్త తేడా అంటే పాత తేడా లోంచి కొత్త తేడాకు మూడు రెట్లు తీసెయ్యగా మిగిలేది. అంటే కొత్త తేడా పాతదానిలో నాలుగో వంతు. రెట్టింపు కావలసింది పావు వంతుకు పడిపోయింది. అడుగు పది నిమిషాలకు పెంచినా ఫరవాలేదు, అప్పుడు ప్రతి అడుగుకీ తేడా 6,00,001వ వంతుకు కుదించుకుపోతుంది. రోజుకు 144 అడుగులు చాలు. నాలుగు కోట్ల అడుగుల పని నూట నలభై నాలుగుతో తీరింది. ఉన్నచోటి వాలుతో నడిచేవి ఎక్స్‌ప్లిసిట్ పద్ధతులు, చేరబోయే చోటి వాలుతో నడిచేవి ఇంప్లిసిట్ పద్ధతులు. సంఖ్యాగణితంలో ఇంత చిన్న మార్పుకు ఇంత పెద్ద ఫలం దక్కడం అరుదు.

దీన్ని స్పష్టంగా గుర్తించి రాసినవారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని చార్లెస్ కర్టిస్, జోసెఫ్ హిర్ష్‌ఫెల్డర్. ఇద్దరూ రసాయన శాస్త్రవేత్తలే. రసాయన చర్యల వేగాల లెక్కల్లో మామూలు పద్ధతులు పదేపదే పేలిపోతుంటే, 1952లో ‘స్టిఫ్’ సమీకరణాల మీద ఒక చిన్న పత్రం రాసి, వెనకటి బిందువులను ఆసరా చేసుకుని ముందుకు చూసే కొత్త సూత్రాలు ఇచ్చారు. గణితజ్ఞులు అప్పటికి దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. చేతి లెక్కల కాలంలో ఎవరూ అన్ని అడుగులు వేసేవారు కాదు, కనుక ఈ జబ్బు బయటపడే అవకాశమూ తక్కువే. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు వచ్చి వేల అడుగులు వేయించడం మొదలయ్యాకే ఎటు చూసినా స్టిఫ్ సమస్యలే కనిపించాయి.

ఆ జబ్బు ఎంత తీవ్రంగా ఉండగలదో చూపడానికి 1966లో రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు మూడు పదార్థాలతో ఒక చిన్న రసాయన నమూనా ఇచ్చాడు. నేటికీ కొత్త సాఫ్ట్‌వేర్ రాసినవారు ముందుగా దానిమీదే పరీక్షించుకుంటారు. మొదటి పదార్థం మెల్లగా రెండోదిగా మారుతుంది, రేటు 0.04. రెండోది తనలో తాను కలిసి మూడోదాన్ని పుట్టిస్తుంది, రేటు 3 కోట్లు. రెండోదీ మూడోదీ కలిసి మొదటిదాన్ని మళ్ళీ తయారుచేస్తాయి, రేటు 10 వేలు. రెండో పదార్థం పుట్టిన వెంటనే ఖర్చయిపోతుంది. దాని మోతాదు మొత్తంలో లక్షకు నాలుగు వంతులు కూడా ఎప్పుడూ దాటదు. ఆ కొద్దిపాటి మోతాదును నిలువరిస్తున్న బిగుతు మాత్రం రానురానూ పెరిగి ఎక్స్‌ప్లిసిట్ అడుగును సెకనులో 5,000వ వంతుకు కట్టిపడేస్తుంది. చర్య పూర్తిగా ముగిసేదాకా, అంటే 4,000 కోట్ల సెకన్ల వరకు, చూడాలంటే 2 కోట్ల కోట్ల అడుగులు కావాలి. సెకనుకు పది లక్షల అడుగులు వేసే కంప్యూటర్‌కైనా ఆరేళ్ళు దాటుతుంది. మంచి ఇంప్లిసిట్ ప్రోగ్రాం అదే దూరాన్ని కొన్ని వందల అడుగుల్లో, రెప్పపాటులో దాటుతుంది. మొదట్లో సెకనులో పదివేలో వంతు అడుగు వేసిన ప్రోగ్రామే చివర్లో ఏళ్ళ తరబడి సాగే అడుగులు వేస్తుంది. ఈ అంకెలు చూసి ఆశ్చర్యపోని విద్యార్థి ఉండడని నా నమ్మకం. మన సిలబస్‌లో నాలుగో తరగతి రుంగె–కుట్టా పక్కన ఈ మూడు సమీకరణాలకు ఒక్క గంట కేటాయిస్తే ఎంత బాగుండు!

ఇంప్లిసిట్ అడుగు పెద్దదే, కానీ దాని ఖరీదూ పెద్దదే. మన తీగలో ఒక్క తెలియని రాశి ఉంది కనుక భాగహారంతో పని తీరింది. వాతావరణ రసాయన నమూనాలో వంద రెండొందల పదార్థాలుంటాయి, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ప్రతి అడుగుకీ, ఊహను పదేపదే సరిదిద్దుకునే న్యూటన్ పద్ధతితో ఆ మొత్తాన్ని ఒకేసారి సాధించాలి. ఏ పదార్థం మారితే ఏ పదార్థం వేగం ఎంత మారుతుందో చూపే జాకోబియన్ మాత్రిక కట్టాలి, దాన్ని విడగొట్టాలి. పదార్థాల సంఖ్య రెట్టింపయితే ఆ పని సుమారు ఎనిమిది రెట్లవుతుంది. పైగా భూగోళాన్ని లక్షల గళ్ళుగా కోసి ఒక్కో గడిలో ఇదంతా చెయ్యాలి. అదృష్టం ఏమిటంటే ఏ పదార్థమూ మిగతా అన్నిటితో చర్య జరపదు, కాబట్టి మాత్రికలో చాలా గళ్ళు సున్నాలే. ఆ సున్నాలు ఎక్కడున్నాయో ముందే కనిపెట్టి, వాటి జోలికి పోకుండా లెక్క చేసే ప్రోగ్రాములు ఇవాళ్టి వాయు నాణ్యత అంచనాల వెనుక ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన హొవార్డ్ రోజెన్‌బ్రాక్ 1963లో ఇచ్చిన ఉపాయం ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. న్యూటన్ పద్ధతిని పదేపదే తిప్పకుండా అడుగుకు కొన్ని సరళ సమీకరణాల సాధనతోనే సరిపెట్టవచ్చని ఆయన చూపించాడు.

అదే 1963లో స్టాక్‌హోంలో గెర్మండ్ డాల్‌క్విస్ట్ ఈ రంగానికి పునాది లాంటి ఫలితం నిరూపించాడు. ఆరిపోయే కదలిక ఎంత వేగమైనదైనా, అడుగు ఎంత పెద్దదైనా లెక్క పేలకూడదన్న గుణానికి ఆయన ఎ-స్థిరత్వం అని పేరు పెట్టాడు. వెనకటి బిందువులను కలుపుకుని నడిచే బహుళ అడుగుల పద్ధతుల్లో ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి ఏదీ ఆ గుణాన్ని అందుకోలేదు. ఇంప్లిసిట్ పద్ధతుల్లోనూ రెండో తరగతిని మించిన సూక్ష్మత ఉన్నది ఏదీ అందుకోలేదు. ఇంకా తెలివైన సూత్రం కోసం వెతికితే దొరుకుతుందేమో అన్న ఆశను ఈ రెండు వాక్యాలు శాశ్వతంగా మూసేశాయి.

అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గేర్ ఆ గోడను కూల్చకుండా పక్కనుంచి దారి తీశాడు. అన్ని రకాల కదలికలకూ స్థిరత్వం అక్కర్లేదు, ఊగిసలాట తక్కువగా ఉండి తిన్నగా ఆరిపోయే కదలికలకు ఉంటే చాలు అనుకుంటే, కర్టిస్–హిర్ష్‌ఫెల్డర్ సూత్రాలను ఆరో తరగతి దాకా వాడుకోవచ్చు. అడుగు పొడవునూ పద్ధతి తరగతినీ ప్రయాణంలోనే తనంతట తాను మార్చుకునే ప్రోగ్రాం రాసి, 1971లో పుస్తకంతో పాటు అందరికీ ఇచ్చాడు. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో అలన్ హిండ్‌మార్ష్ దాన్ని పెంచి పోషించాడు. ఆ వంశానికి చెందిన ప్రోగ్రాములే ఇప్పుడు పైథాన్‌లోనూ మ్యాట్‌ల్యాబ్‌లోనూ మన విద్యార్థులు ఒక్క పేరు రాసి పిలిచేవి. మ్యాట్‌ల్యాబ్‌లో ఎక్స్‌ప్లిసిట్ రకం ఓడీఈ45 గంటల తరబడి నత్తనడక నడుస్తుంటే ఇంప్లిసిట్ రకం ఓడీఈ15ఎస్ అని మార్చి చూడమని సీనియర్లు చెప్పడం పరిశోధక విద్యార్థులకు అలవాటైన సలహా. ఆ రెండు పేర్ల మధ్య తేడా మన తీగకు జరిగిన కథే.

స్థిరత్వం ఉన్నంత మాత్రాన అన్నీ సవ్యంగా ఉంటాయనీ కాదు. ఉన్న చోటి వాలునూ చేరబోయే చోటి వాలునూ సగం సగం తీసుకునే ట్రెపిజాయిడల్ పద్ధతికి ఎ-స్థిరత్వం ఉంది, సూక్ష్మత కూడా ఆయిలర్ కన్నా ఎక్కువ. మన తీగ మీద పది నిమిషాల అడుగుతో దాన్ని వాడండి. తేడా పెరగదు, కానీ తరగదు కూడా. ప్రతి అడుగుకీ గుర్తు మార్చుకుంటూ దాదాపు అంతే ఉండిపోతుంది. ఒక డిగ్రీ పొరపాటు రోజంతా ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి అంటూ ఊగుతూనే ఉంటుంది. సర్క్యూట్లను పరీక్షించే స్పైస్ ప్రోగ్రాం 1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అందులో ట్రెపిజాయిడల్ పద్ధతీ గేర్ పద్ధతీ రెండూ ఉంటాయి. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసే ఇంజనీర్లకు తెరమీద ఈ రంపపు పళ్ళ గీత పరిచయమే. సర్క్యూట్‌లో నిజంగా అలాంటి ఊగిసలాట ఉందా, లేక పద్ధతే దాన్ని పుట్టించిందా అని తేల్చుకోవడం కోసం గేర్ పద్ధతికి మార్చి మళ్ళీ నడిపి చూస్తారు. వేగమైన కదలికను పేలకుండా ఆపడం ఒకటి, దాన్ని నిజంగా ఆర్పడం ఇంకొకటి.

ఇంతవరకూ చెప్పిన వేగాలన్నీ ఆరిపోయేవి. ఆరని వేగాల సంగతి వేరు. దాని మొదటి దెబ్బ తిన్నది వాతావరణ శాస్త్రం. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా చేతి లెక్కలతో ఒక వాతావరణ అంచనా కట్టాడు. 1910 మే 20న మధ్య యూరప్‌లో ఉన్న పరిస్థితుల నుంచి ఆరు గంటల్లో పీడనం ఎంత మారాలో చూశాడు. జవాబు 145 హెక్టాపాస్కల్‌లు పెరగాలని వచ్చింది. మహా తుపాను కేంద్రానికీ ప్రశాంత వాతావరణానికీ మధ్య కూడా అంత తేడా ఉండడం అరుదు. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదలనేలేదు. ఆ వైఫల్యాన్ని దాచకుండా 1922లో పుస్తకంగా వేసిన రిచర్డ్‌సన్ నిజాయితీ ముందు నేను తలవంచుతాను. ఆ పుస్తకం లేకపోతే తర్వాతివారికి ఏం సరిచెయ్యాలో తెలిసేది కాదు.

అసలు లోపం ఆయన కూడికల్లో లేదు. గాలి వేగాల కొలతలూ పీడనం కొలతలూ ఒకదానితో ఒకటి కొద్దిగా పొసగలేదు. ఆ పొసగనితనం సమీకరణాల్లో సెకనుకు 300 మీటర్ల దాకా పరుగెత్తే గురుత్వ తరంగాలుగా మారింది. నిజమైన వాతావరణంలో అవి చిన్నవి, వచ్చి పోతుంటాయి. ఆ క్షణపు వాలును పట్టుకుని ఆరు గంటలు పొడిగిస్తే మాత్రం అవే మొత్తాన్ని మింగేస్తాయి. దశాబ్దాల తర్వాత ఐర్లండ్‌కు చెందిన పీటర్ లించ్ అదే సమాచారం నుంచి ఆ వేగ తరంగాలను ముందే వడగట్టి రిచర్డ్‌సన్ పద్ధతినే మళ్ళీ నడిపితే నిజానికి దగ్గరైన జవాబు వచ్చింది. జూల్ చార్నీ 1940ల చివర్లో ఇంకా దూరం వెళ్ళి, ఆ తరంగాలు అసలు పుట్టని సమీకరణాలనే రాశాడు. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద నడిచిన మొట్టమొదటి అంచనాలు ఆ వడగట్టిన సమీకరణాలతో వేసినవే.

తర్వాత కెనడాకు చెందిన ఆంద్రె రొబేర్ 1960ల చివర్లో మధ్యేమార్గం చూపాడు. వేగ తరంగాలకు కారణమయ్యే పదాలను మాత్రమే ఇంప్లిసిట్‌గా, మిగతావాటిని ఎక్స్‌ప్లిసిట్‌గా తీసుకోవాలన్నాడు. ధ్వని కూడా అలాంటి వేగ తరంగమే కాబట్టి, ఇది లేకపోతే ధ్వని వేగమే అడుగును నిర్ణయిస్తుంది. 10 కిలోమీటర్ల గడిని ధ్వని అరనిమిషంలో దాటుతుంది. నేల దగ్గర నమూనా పొరల మందం పదుల మీటర్లే కాబట్టి నిలువు దిక్కున అడుగు సెకనులో పదో వంతుకు పడిపోతుంది. యూరప్ వాతావరణ కేంద్రం 9 కిలోమీటర్ల గళ్ళతో నడిపే నమూనా మాత్రం ఏడున్నర నిమిషాల అడుగు వేస్తుంది. మన వాతావరణ శాఖ వాడుతూ వచ్చిన 12 కిలోమీటర్ల జీఎఫ్ఎస్ నమూనా వెనుకా ఇదే కుటుంబపు పద్ధతి ఉంది. బంగాళాఖాతంలో తుపాను పుట్టిందని వినగానే కాకినాడలోనో శ్రీకాకుళంలోనో మనం టీవీలో చూసే దారి గీత గడువులోపు తయారవుతున్నది ఆ పొడవాటి అడుగుల పుణ్యాన. అయితే ఈ సుఖం ఊరికే రాలేదు. ఇంప్లిసిట్‌గా తీసుకున్న వేగ తరంగాలు నమూనాలో తమ అసలు వేగంతో కదలవు, బాగా నెమ్మదిస్తాయి. అంటే వాటి విషయంలో నమూనా తెలిసి తెలిసి తప్పు చెబుతోంది. తుపాను దారికి వాటి అవసరం లేదన్న తీర్పు ఆ తప్పు వెనుక ఉంది.

ఆ తీర్పు చెల్లని చోట్లున్నాయి. అణువుల కదలికలను చూసేవారికి వేగ కంపనాలు చెత్త కావు, అవే పదార్థపు వేడి. కార్బన్–హైడ్రోజన్ బంధం సుమారు 11 ఫెమ్టోసెకన్లకు ఒకసారి కంపిస్తుంది. ఇంప్లిసిట్ ఆయిలర్‌ని దానిమీద ప్రయోగిస్తే కంపనం ఆరిపోతుంది, శక్తి హరించుకుపోతుంది, అణువు చల్లబడి గడ్డకడుతుంది. కనుక ఇక్కడ ఒకటి రెండు ఫెమ్టోసెకన్ల అడుగులతోనే నడవాలి. 1977లో మెకామన్, గెలిన్, కార్‌ప్లస్ 58 అమైనో ఆమ్లాలున్న ఒక చిన్న ప్రొటీన్‌ను 9.2 పికోసెకన్ల పాటు కదిలించి చూడగలిగారు. అప్పటికి అదే గొప్ప. అదే ప్రొటీన్‌ను 2010లో డేవిడ్ షా బృందం తామే ప్రత్యేకంగా కట్టుకున్న ఆంటన్ యంత్రం మీద ఒక మిల్లీసెకను దాకా నడిపింది. దానికి పట్టిన అడుగులు 40 వేల కోట్ల లెక్కన ఉంటాయి.

అడుగును పెంచడానికి ఇక్కడ వేరే ఉపాయాలు కావాలి. అదే 1977లో వచ్చిన షేక్ పద్ధతి హైడ్రోజన్ బంధాల పొడవును బిగించేసి ఆ కంపనాన్నే లెక్కలోంచి తప్పించింది. 1992లో టక్కర్‌మన్, బర్న్, మార్టైనా ఇచ్చిన రెస్పా పద్ధతి బలాలను విడదీసింది. బంధాల బలాన్ని చిన్న అడుగులకూ, దూరపు విద్యుదాకర్షణల్లాంటి మెల్లగా మారే ఖరీదైన బలాలను పెద్ద అడుగులకూ లెక్కిస్తుంది. ఎంత హేతుబద్ధంగా ఉంది! అయితే పెద్ద అడుగును 5 ఫెమ్టోసెకన్లు దాటించగానే లెక్క చెడడం మొదలవుతుంది. బంధం కంపన కాలంలో సగం దగ్గర, మెల్లని బలం ఇచ్చే తోపులు కంపనంతో తాళం కలిపి దానికి శక్తిని ఎక్కించడమే కారణం. మెల్లని బలాన్ని మెల్లగా లెక్కించడానికీ వేగ కంపనం అనుమతి కావాలి. అణువుల లెక్కలు చేసేవారు ఈ అనునాదపు గోడతో ఇప్పటికీ పోరాడుతున్నారు.

గ్రహాల విషయంలో ఆరని వేగాన్ని లొంగదీసుకున్న తీరు నాకు అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది. గ్రహం తన కక్ష్యలో తిరగడం వేగమైన కదలిక, కానీ ఆ కదలికకు కెప్లర్ ఇచ్చిన ఖచ్చితమైన సూత్రం మనకు ముందే తెలుసు. తెలిసినదాన్ని అడుగులు వేసి కనుక్కోవడమెందుకు? 1991లో జాక్ విస్‌డమ్, మాథ్యూ హోల్మన్ ప్రతి అడుగులో కెప్లర్ భాగాన్ని సూత్రంతోనే దాటించి, గ్రహాలు ఒకదాన్నొకటి లాగే చిన్న బలాలను విడిగా తోపుల్లా ఇచ్చారు. ఫ్రాన్స్‌లో జాక్ లాస్కర్ అంతకు రెండేళ్ళ ముందే, లాప్లాస్, లగ్రాంజ్‌ల కాలం నాటి సంప్రదాయంలో, గ్రహాల చుట్టుతిరుగుడును కాగితం మీదే సగటు చేసి తీసేశాడు. అందుకు 1,50,000 పదాలున్న సమీకరణాలు రాయవలసి వచ్చింది. ఫలితంగా ఒక్కో అడుగు 500 ఏళ్ళు. ఆ ఒక్క అడుగులో బుధుడు సూర్యుణ్ణి రెండు వేలసార్లకు పైగా చుట్టి వస్తాడు, లెక్కలో మాత్రం ఒక్క చుట్టూ ఉండదు. లోపలి గ్రహాల కదలిక దీర్ఘకాలంలో అస్తవ్యస్తమని ఆ లెక్కే బయటపెట్టింది. 2009లో లాస్కర్, మికాయెల్ గాస్టినో సగటు చెయ్యని పూర్తి సమీకరణాలతో 500 కోట్ల ఏళ్ళ ముందుకు 2,501 సార్లు నడిపి చూస్తే, సుమారు ఒక శాతం దారుల్లో బుధుడి కక్ష్య విపరీతంగా సాగిపోయింది.

రోజెన్‌బ్రాక్ నుంచి లాస్కర్ దాకా అందరూ ఆధారపడింది ఒకే వెసులుబాటు మీద. వేగమైన కదలికకూ మెల్లని కదలికకూ మధ్య ఖాళీ ఉంది. మిల్లీసెకను తీగకూ గంటల గాలికీ మధ్య ఏ కదలికా లేదు. బుధుడి చుట్టుతిరుగుడుకూ కక్ష్య మార్పుకూ మధ్య కూడా అంతే. ఆ ఖాళీలోనే గీత గీసి ఇటు వేగం, అటు నిదానం అని విడదీస్తున్నాం. మేఘాల్లో ఆ ఖాళీ లేదు. ఒక క్యుములస్ మేఘం నిమిషాల్లో లేచి గంటలో కురిసిపోతుంది, అలాంటివి కలిసి పెద్ద గుంపులై రోజంతా నిలుస్తాయి, ఆ గుంపులు నెల రోజుల రుతుపవనపు ఊపుల్లో ఇమిడి ఉంటాయి. సెకను నుంచి రుతువు దాకా ప్రతి కాలమానంలోనూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, పైనున్నది కింద ఉన్నదాన్ని నడిపిస్తుంది, కింద ఉన్నది పైదాన్ని మారుస్తుంది. ఇక్కడ ఏ వేగాన్నీ ఆరిపోయిందని కొట్టెయ్యలేం, సగటు చేసి మరిచిపోనూలేం.

2003లో వైనన్ ఇ, బ్యోర్న్ ఎంగ్‌క్విస్ట్ ఒక పథకం ప్రతిపాదించారు. సూక్ష్మ నమూనాను అక్కడక్కడా కొద్ది సేపే నడిపి, దాన్నుంచి వాలు తెలుసుకుని, పెద్ద నమూనాలో దూకుతూ పోవాలన్నారు. అదే సంవత్సరంలో గేర్ కూడా యానిస్ కెవ్రెకిడిస్‌తో కలిసి అలాంటి దూకే పద్ధతినే ఇచ్చాడు. ఖాళీ ఉన్న సమస్యల్లో రెండూ బాగా పనిచేస్తాయి. మేఘాల దగ్గర మాత్రం వాతావరణ శాస్త్రవేత్తలు ప్రస్తుతం రెండు దారులు పట్టారు. ఒకటి, పెద్ద నమూనా ప్రతి గడిలోనూ ఒక చిన్న మేఘ నమూనాను పొదగడం. రెండోది, గళ్ళను కొన్ని కిలోమీటర్లకు కుదించి, అడుగును సెకన్లకు తగ్గించి, భూగోళమంతటి మేఘాలనూ నేరుగా లెక్కించడం. గడి వెడల్పు సగానికి తగ్గిస్తే గళ్ళు నాలుగింతలవుతాయి, అడుగులు రెండింతలవుతాయి, పని ఎనిమిదింతలవుతుంది. 12 కిలోమీటర్ల నుంచి ఒకటిన్నర కిలోమీటరుకు దిగాలంటే అలా మూడుసార్లు సగం చెయ్యాలి, అంటే 512 రెట్ల పని. ప్రపంచంలోని అతిపెద్ద సూపర్ కంప్యూటర్లకు ఇప్పుడు అప్పగిస్తున్న పనుల్లో అదొకటి.